కుండ చూసే కోడలు

చుట్టల వ్యాపారి తిరుపతి ఇంట్లో మగవాళ్లెవరూ చుట్ట తాగరు. అమ్మే సరుకును అమ్మేవాడే కాల్చడం మొదలుపెడితే దుకాణం గుల్లవుతుందని పెద్దలనాటి కట్టడి. మరి తాగి చూడనిదే ఏ కుండలో చుట్టలు మాగాయో, ఏ కుండలో మాగలేదో తెలిసేదెట్లా? అందుకు ఆ ఇంటికి కోడళ్లున్నారు. సూర్యాపేటలో ఆ వీధికి వచ్చి ఎవరిని అడిగినా చెప్తారు, వాళ్లింటి ఆడవాళ్లకు చుట్ట అలవాటు లేదని. లేదు నిజమే. వాళ్లు కుండ చూస్తారు, అంతే. తాగడానికీ చూడటానికీ తేడా ఏమిటో తిరుపతి భార్య యశోద ఇరవై ఏళ్లు దాటినా కనిపెట్టలేకపోయింది. పొగ మాత్రం ఎప్పుడూ ఒకేలా లోపలికి వెళ్లింది.

ఆ రోజు పొద్దున్నే వెనక వాకిట్లో పీట వేశారు. యశోద కూర్చుంది. తిరుపతి కుండ మూతికి మెత్తిన మట్టిని సుతారంగా కొట్టి, గుడ్డ విప్పి, పైవరస కింద నుంచి ఒక చుట్ట తీసి భార్య చేతికిచ్చాడు. అగ్గిపుల్ల కూడా తనే గీశాడు. ఏడాది పొడుగునా మంచినీళ్ల చెంబు కూడా తనంతట తాను ముంచుకోని మనిషి, కుండ చూసే రోజు మాత్రం ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

కొత్తగా చుట్టిన చుట్ట పచ్చిది. ముట్టిస్తే గొడ్ల కొట్టం వాసన, గొంతులో మంట. దాన్ని మోదుగాకులు పరిచిన కుండలో పేర్చి, మూతి కట్టి చీకటి గదిలో పెడితే నెలలు గడిచేకొద్దీ దాని కోపం దిగుతుంది. ముందు వాసన పోతుంది. తర్వాత మంట పోతుంది. ఆపైన ఎక్కణ్నుంచి వస్తుందో గాని పాత బెల్లం తీపి, దాని వెనకే చింతపండు పులుపు తగిలీ తగలనట్టు నాలుక మీదికి వస్తాయి. అప్పుడే తీసి అమ్మాలి. ఇంకా ఉంచితే ఆ రుచి కూడా వెళ్లిపోయి వరిగడ్డి కాల్చినట్టు ఉంటుంది. చిక్కేమిటంటే ఏ రెండు కుండలూ ఒక్కలా మాగవు. గోడ పక్కనున్నది ముందు, మూలనున్నది వెనక. వానలు పట్టిన ఏడు ఒకలా, ఎండలు ముదిరిన ఏడు మరోలా. అందుకే ఆ ఇంటికి ఎప్పుడూ ఒక నాలుక కావాలి.

యశోద ఒక దమ్ము లాగి కళ్లు మూసుకుంది. వేడి తగిలింది. ఇంకేమీ తగల్లేదు. రెండో దమ్ము లాగింది. పొయ్యి దగ్గర కూర్చుంటే వచ్చే పొగకీ దీనికీ ఏమీ తేడా తెలియలేదు. ఏడాదిగా ఇదే వరస. అయినా కనుబొమలు ముడిచి, నాలుక అంగిట్లో తిప్పినట్టు నటించి, చుట్టను వేళ్ల మధ్య నలిపి చూసింది. ఆకు మీద నూనె జిడ్డు తేలిందా? చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. చప్పుడు మెత్తగా ఉందా? బూడిద తెల్లగా రాలుతోందా?

"మాగింది," అంది.

"గట్ల చెప్పు!" అని తిరుపతి కుండెత్తుకుని సంబరంగా దుకాణంలోకి పోయాడు.

కుండ చూసే రోజు నాలుకకు కారం, ఉల్లిగడ్డ, చాయ్ ఏవీ తగలకూడదు. పాలన్నమే తినాలి. ఈమధ్య యశోద రోజూ పాలన్నమే తింటోంది. కూర కలిపిన మెతుకు తగిలితే చాలు, నోట్లో నిప్పు పెట్టినట్టు ఉంటోంది. పని మీద ఎంత భక్తి అని తిరుపతి చుట్టాలందరికీ చెప్పి మురిసిపోతున్నాడు. ఆ భక్తి ఏమిటో యశోద చిన్నద్దంలో చూసుకుంది. ఎడమ బుగ్గ లోపల, నాలుక పక్కన, సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ. గుడ్డతో రుద్దినా పోలేదు. అత్త జంగమ్మ చివరి రోజుల్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేది. ఎందుకో అప్పుడు ఎవరూ అడగలేదు. యశోద కూడా అడగలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ అద్దం తీస్తుంది.

మధ్యాహ్నం బస్సులో మిర్యాలగూడ నుంచి దావీదు దిగాడు. తిరుపతి సరుకులో సగానికి పైగా కొనేది ఆయనే. వచ్చీ రాగానే చేతిసంచి అరుగు మీద పెట్టి, "వదినా, కోపం జెయ్యకు," అన్నాడు. "పోయినసారి ఇచ్చిన సరుకు గొంతులు కాలుస్తున్నది. వాడపల్లి ముసలోళ్లు నా మొకం మీదనే పారేసి పోయిన్రు. గీ ఇంటి చుట్ట గిట్ల ఎన్నడన్న ఉండెనా?"

 తిరుపతి సంచిలోంచి ఒక చుట్ట తీసి వాసన చూశాడు. ఆయనకేం తెలుస్తుంది? అటు తిప్పి ఇటు తిప్పి మళ్లీ సంచిలోనే వేశాడు.

"నువ్వేం రంది వెట్టుకోకు దావీదూ. ఎల్లుండి రా. పది నెలల కుండ నీ ముంగటనే తెరుస్త," అని పంపించి, ఆయన వీధి మలుపు తిరిగాక భార్య పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

"ముసల్దానివైతున్నవ్ యశోదా," అన్నాడు మెల్లగా. "ఏండ్లు వడితె చుట్ట మంచిగైతది గానీ నాలిక గాదు గదా. మా అమ్మ గూడా గింతే, ఒకనాడు నీకప్పజెప్పి పక్కకు జరిగింది. ఇగ పిల్లకు నేర్పు. ఎల్లుండి దావీదు ముంగట నవనీతనే కుండ సూస్తది."

నవనీత కోడలు. కాపురానికి వచ్చి ఆరు నెలలు కాలేదు. కోదాడలో డిగ్రీ చదివింది. మగడు మహేశ్వర్ దామరచర్ల పవర్ ప్లాంటులో పని చేస్తూ ఆదివారాలు వచ్చిపోతుంటాడు. పక్క వీధి బడిలో టీచరు పని ఉందట, వెళ్తానని ఆ పిల్ల అడిగితే తిరుపతి "వచ్చేఏడు సూద్దాం" అన్నాడు. ఆ ఇంట్లో ఏ కూర వండాలో కూడా ఆమెను అడిగినవాళ్లు లేరు.

ఆ రాత్రి యశోదకు ముద్ద దిగలేదు. నాలుక చచ్చిందని చెప్తే రేపే పిల్లను పీట ఎక్కిస్తారు. చెప్పకపోతే ఎల్లుండి ఎక్కిస్తారు. ఆలోచించిన కొద్దీ గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు ఉంది. తనకు ఏమైనా కానీ, ఈ పిల్ల నోట్లోకి మాత్రం ఆ మచ్చ రాకూడదు. ఆమెకు కావలసింది అదొక్కటే.

మర్నాడు అత్తాకోడళ్లిద్దరూ వాకిట్లో కూర్చుని పొగాకు ఈనెలు తీస్తున్నారు. తడిగుడ్డ కింద మెత్తబడిన ఆకును తొడ మీద పరిచి, నడుమ ఈనెను కింది నుంచి పైకి ఒక్క లాగున లాగాలి. ఆకు చిరగకూడదు. నవనీతకు చేయి అప్పుడే కుదిరింది.

"నాలుగు దినాలు కోదాడ పోయి రారాదె బిడ్డా," అంది యశోద తల ఎత్తకుండా. "మీ అమ్మను సూడక శానా దినాలాయె."

"మామయ్య వద్దన్నారత్తయ్యా. రేపు పనుంది కదా."

"ఆ పని నీకెందుకే? కడుపుల తిప్పుతది. వాంతైతది."

"మీకు కాలేదా?"

"అయింది."

"మరి మీరు మానేశారా?" నవనీత నవ్వింది. మరో ఆకు తొడ మీద పరుచుకుంది. "ఒక్కటి చెప్పనా అత్తయ్యా? నిన్న మీరు కళ్లు మూసుకుంటే మామయ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మీరేమంటారా అని. ఈ ఇంట్లో నేనొక మాట అంటే అలా ఆగి వినేవాళ్లు ఎవరున్నారు చెప్పండి? దానికోసం మూడు దమ్ములంటే అదేం పెద్ద లెక్క?"

యశోద చేతిలో ఆకు చిరిగింది. తను మొదటిసారి పీట ఎక్కిన రోజు, అంతవరకు "ఓ పిల్లా" అని తప్ప పిలవని మామ, "ఏమంటవ్ యశోదా?" అని పేరు పెట్టి అడిగాడు. ఆ పిలుపు చెవిలో పడగానే కడుపులో తిప్పిందీ, కళ్లమ్మట నీళ్లు కారిందీ అన్నీ మరిచిపోయింది. ఎవరూ మెడ పట్టి కూర్చోబెట్టలేదు. పేరు పెట్టి పిలిచారు, అంతే, కూర్చుండిపోయింది.

మచ్చ సంగతి పిల్లకు చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్తే భయపడి రేపు కూర్చోనంటుంది. కూర్చోనంటే అత్త ఎగదోసిందంటారు. రేపటి నుంచి ఆ ఇంట్లో పిల్ల బతుకు ఎలా ఉంటుందో యశోదకు తెలుసు. చిరిగిన ఆకును పక్కన పడేసి లేచింది.

లోపలికి వెళ్లి కొడుక్కి ఫోన్ చేసింది.

"మహేశూ, నవనీతను పీట మీద కూసుండవెట్టొద్దని మీ నాయినకు చెప్పు కొడుకా."

అవతల యంత్రాల మోత. "ఏందమ్మా నువ్వు! మూడు దమ్ములకు ఏమైతదే? నువ్వు కొట్టలేదా ఇన్నేండ్లు? మంచిగనే ఉన్నవ్ గద?"

మంచిగనే ఉన్నానంది. ఫోన్ పెట్టేసింది.

తిరుపతి మధ్యాహ్నం నిద్రలో ఉండగా చీకటి గదిలోకి వెళ్లింది. పది నెలల కుండను మూలకు జరిపి, దాని చోట రెండు నెలల కిందట మూతి కట్టిన పచ్చి కుండను పెట్టింది. మట్టి కొత్తగా కనిపిస్తుందని పొయ్యి బూడిద తెచ్చి పూసింది. ఆ పచ్చి పొగ ఒక్క దమ్ము లాగితే ఏళ్ల తరబడి చుట్ట తాగేవాళ్లకే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఈ పిల్ల వాంతి చేసుకుంటుంది. పది నెలల కుండే కదా అని మాగిందనేస్తుంది. దావీదు పెదవి విరుస్తాడు. ఈమెకు నాలుక లేదని తిరుపతి తనే పక్కన పెడతాడు. సొంత ఇంటి సరుకుకు ఆమె చేతులారా చేసిన మొదటి మోసం అది. అయినా మనసు తేలికపడింది. ఆ పూట పాలన్నం నాలుగు ముద్దలు ఎక్కువే తింది.

దావీదు చెప్పిన రోజుకు చెప్పినట్టే వచ్చాడు. నవనీత తలంటుకుని, పాలన్నం తిని, పీట మీద కూర్చుంది. తిరుపతి కుండ తెచ్చి మట్టి కొట్టాడు. గుడ్డ విప్పాడు. చుట్ట తీసి కోడలి చేతికిచ్చి అగ్గిపుల్ల గీశాడు.

మొదటి దమ్ముకే నవనీత ఒంగిపోయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. యశోద చెంబు పట్టుకుని పక్కనే నిలబడింది. అయ్యో అనిపించలేదామెకు. ఇంకొంచెం దగ్గు తల్లీ, ఇంకొంచెం, అని లోపల్లోపల మొక్కుకుంది.

"ఇగ చాలు తియ్యి. పిల్లతోని గాదు," అంది పైకి.

నవనీత చేయెత్తి ఆగమన్నట్టు సైగ చేసింది. చెంబు అందుకుని నోరు పుక్కిలించి ఉమ్మేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్లీ లాగింది, ఈసారి మెల్లగా, పొగను గొంతులోకి పోనీయకుండా బుగ్గలో ఆపి. అది ఎవరూ నేర్పలేదు. నిన్న గాక మొన్న అత్తను చూసి నేర్చుకుంది. మూడో దమ్ము లాగి కళ్లు మూసుకుంది.

 తిరుపతి ఊపిరి బిగబట్టాడు. దావీదు ముందుకు వంగాడు.

"ఏమంటవ్ నవనీతా?" అన్నాడు తిరుపతి.

"మామయ్యా, ఇది పది నెలల కుండ కాదు," అంది కళ్లు తెరవకుండానే. "పచ్చిది. గొడ్ల చావడి వాసన ఇంకా పోలేదు. మంట ముందే తగులుతోంది. కానీ అన్నిటికన్నా వెనకాల ఎక్కడో సన్నగా తీపి ఉంది. ఎండలు ముదిరేదాకా కదపకుండా ఉంచితే మంచి కుండవుతుంది."

తిరుపతి చీకటి గదిలోకి పరుగెత్తి, మూలనున్న కుండను వెలుతురులోకి లాగి చూసి తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "కుండలు తారుమారైనయ్ దావీదూ! నేనే ఎటో పెట్టి ఎటో తెచ్చిన. నాకే తెల్వనిది పిల్ల పట్టింది సూడు!"

"వదినా, నీ కోడలు నిన్ను మించింది," అన్నాడు దావీదు.

నవనీత కళ్లు తెరిచింది. ఆ కళ్లలో నీళ్లు ఇంకా ఆరలేదు గానీ పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఆ పిల్ల అలా నవ్వడం యశోద చూడలేదు. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. ఆ నవ్వును నమ్ముకునే తను ఇన్నేళ్లు ఆ పీట మీద కూర్చుంది. తప్పించబోయి తనే తీసుకొచ్చి కూర్చోబెట్టింది. 

"ఆ పాత కుండ గూడా తెస్త, దాన్ని గూడా సూడు బిడ్డా," అని తిరుపతి ఉత్సాహంగా తెచ్చి దానికీ మూతి విప్పాడు. నవనీత కొత్త చుట్టకు చేయి చాచింది.

యశోద వెళ్లి పీట ముందు గొంతుక్కూర్చుంది. పిల్ల చేతిని పక్కకు నెట్టింది. "ముందు ఇది సూడు," అని ఎండకు తిరిగి, వేలితో ఎడమ బుగ్గ లాగి పట్టుకుని, నోరు వెడల్పుగా తెరిచింది.

నవనీత వంగి చూసింది. నవ్వు పోయింది. ఇంకా కాలుతున్న చుట్టను కింద పెట్టి మట్టిలో అదిమేసింది. దావీదు చూసి "యేసయ్యా!" అని తల తిప్పుకున్నాడు. తిరుపతి అందరికన్నా ఆఖరున దగ్గరకొచ్చి వంగాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ నోరు చెప్పిందల్లా వింటూ వచ్చాడు గానీ ఆ నోట్లోకి చూడటం ఆయనకు అదే మొదటిసారి.

"నొప్పి ఉందా అత్తయ్యా?" అంది నవనీత.

"నొప్పి లేదు. కారం తగిల్తె మంట. రుచి మాత్రం ఏదీ తెల్వది. ఏడాది దాటింది."

తిరుపతి నిటారుగా నిలబడ్డాడు. "మరి ఏడాది సంది కుండలన్నీ ఎట్ల సూసినవ్?"

ఆ ప్రశ్నకు దావీదు కూడా సిగ్గుపడ్డాడు. "ఇగ ఊకో తిరుపతన్నా," అన్నాడు.

"వేళ్లతోని సూసిన. చెవితోని సూసిన," అంది యశోద.

"నాకొక మాట చెప్పొద్దా?"

"చెప్తే ఏమయితుండె? పిల్ల కాళ్ల పసుపు ఆరకముందే గీ పీటెక్కుతుండె."

 నవనీత లేచి, కొంగు దులుపుకుని, లోపలికి వెళ్లి చేతిసంచి తెచ్చింది. "పదండి అత్తయ్యా, పెద్ద దవాఖానకు," అంది. ఎవరినీ అడగలేదు. దావీదే ఆటో పిలిచాడు. తిరుపతి చెప్పులేసుకుని వెనకే వచ్చాడు.

దవాఖాన వరండాలో బెంచీ మీద చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. తిరుపతి రెండుసార్లు లేచి గుమ్మందాకా పోయివచ్చాడు. "కుండలు రెండూ మూతి తెరిచే ఉన్నయ్," అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "గాలి తాకితె ఖరాబైతయ్." అత్తాకోడళ్లు ఇద్దరూ వినిపించుకోలేదు. 

పేరు పిలిచారు. డాక్టరు కుర్రవాడు. టార్చిలైటు వేసి యశోద నోరు చూశాడు. చూస్తూ చూస్తూ నెమ్మదించాడు.

"చుట్ట, బీడీ, గుట్కా, ఏమైనా అలవాటుందామ్మా?"

"లేదు సార్," అన్నాడు తిరుపతి టక్కున. "మా ఇంట్ల ఆడోళ్లకు గసొంటి అలవాట్లు లెవ్వు." అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోలేదు. నిజంగానే అలా నమ్మాడు. తండ్రి నమ్మినట్టు, తాత నమ్మినట్టు.

యశోద మొగుడి వంక చూసింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇక చాలనిపించింది.

"తాగుత సారూ," అంది. "పెండ్లయి అత్తగారింటికొచ్చిన కాన్నుంచి తాగుత. మా అత్త గూడా తాగింది, నోటికి కొంగు అడ్డం వెట్టుకునే పోయింది. పొద్దున నా కోడలు గూడా తాగింది. ఎవ్వలకూ అలవాటు లేదు. అయినా తాగినం."

డాక్టరు తిరుపతి వైపు చూశాడు. తిరుపతి గోడ మీది బొమ్మలు చూస్తున్నాడు. డాక్టరు చీటీ రాసిచ్చి, మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు. ఏమిటన్నది అది వచ్చాకే చెప్పగలనన్నాడు. ఇకనుంచి పొగ నోట్లోకి పోకూడదని గట్టిగా చెప్పాడు. యశోద అన్నిటికీ తల ఊపింది. విన్నదో లేదో. ఆమె చూపంతా పక్కనున్న పిల్ల మీదే ఉంది.

"నువ్వు కూడా రా అమ్మా, నోరు తెరువు," అన్నాడు డాక్టరు నవనీతతో.

నవనీత స్టూలు మీద కూర్చుని నోరు తెరిచింది. యశోద లేచి డాక్టరు భుజం మీదుగా తొంగి చూసింది. లేత గులాబీ రంగు. బుగ్గ లోపల, నాలుక పక్కన, అంగిట్లో, ఎక్కడా ఏ మచ్చా లేదు.

"ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది," అన్నాడు డాక్టరు.

యశోదకు అప్పుడు దుఃఖం ఆగలేదు. తన చీటీ చేతిలో నలిగిపోతుంటే, ఆ గదిలో అందరి ముందూ భోరున ఏడ్చింది. నవనీత లేచి పట్టుకోబోతే మళ్లీ స్టూలు మీదే కూర్చోబెట్టింది.

"జర ఇంకొకసారి సూడు సారూ," అంది. "మంచిగ సూడు."

బయట జనం వరుస కట్టి ఉన్నారు. అయినా డాక్టరు మళ్లీ లైటు వెలిగించాడు.